ఇల్లు చూసే బావగారు

ఇల్లు కొనేటప్పుడు జనం ఏయే పొరపాట్లు చేస్తారో మా పెద్ద బావగారికి తెలిసినంతగా హైదరాబాదులో ఇంకెవరికీ తెలియదు. ఆయన ఒక్కటీ చేయలేదు. అందుకే ఇప్పటికీ నల్లకుంటలో అద్దెకుంటున్నారు.

బ్యాంకులో ఇంటి లోన్ల సెక్షన్‌లో చేసి రిటైరయ్యారు. చుట్టాల్లో ఎవరు ఫ్లాటు చూడబోయినా కారు ముందు సీటు ఆయనదే. చేతిసంచిలో టేపు, దిక్సూచి, రూపాయి బిళ్ళ, గాజు గోలీ. బిళ్ళతో టైల్సు కొట్టి ఎక్కడ గుల్లగా మోగుతుందో వింటారు. గోలీ నేల మీద పెట్టి, అదెటు దొర్లితే అటు నడుస్తారు. నిజాంపేటలో ఓసారి గోలీ పెట్టిన చోటే ఉండిపోయింది. మేం సంబరపడబోయాం. "ఇంత సమంగా ఉంటే కడిగిన నీళ్ళెటు పోతాయోయ్?" అని ఆ ఫ్లాటునీ కొట్టేశారు.

ఎండాకాలంలో ఇల్లు చూడరు. జోరువాన వెలిశాక సెల్లారులో నీళ్ళెంత లోతున్నాయో చూడాలట. బిల్డరుని పలకరించరు, వాచ్‌మన్‌ని పట్టుకుంటారు. "మంజీరా నీళ్ళొస్తాయా, ట్యాంకర్లేనా? మే నెలలో రోజుకెన్ని?" తర్వాత వీధి చివర ఇస్త్రీబండి అతను.

సేల్స్ కుర్రాళ్ళ అవస్థ చెప్పక్కర్లేదు. "1,800 ఎస్సెఫ్టీ సార్" అన్నాడొకడు. "గోడల మధ్య ఎంత నాయనా? లిఫ్టూ మెట్లూ కూడా నాకే అమ్ముతావా? కార్పెట్ ఏరియా చెప్పు. రెరా చట్టం 2016లోనే వచ్చింది." వాడు నీళ్ళు నమిలాడు. "పోనీ యూడీఎస్, అదే, భూమిలో నా వాటా ఎన్ని గజాలు? బిల్డింగు పాతబడితే మిగిలేది ఆ భూమే." వాడు 1983 నుంచీ జరిగిన లావాదేవీల ఈసీ చూపించాడు. "దానికి ముందో? 1954-55 ఖాస్రా పహాణీలో ఎవరి పేరుంది?" అప్పటికి వాడి తండ్రి కూడా పుట్టి ఉండడు.

ఆయన చెప్పేవన్నీ నిజాలు కావడమే మా బాధ. ఎఫ్టీఎల్ నుంచి, అంటే చెరువు నిండినప్పటి నీటి అంచు నుంచి, పెద్ద చెరువుకైతే 30 మీటర్లు, చిన్నదానికైతే 9 మీటర్లు బఫర్ అని ఆయన చెబుతుంటే మేం ఆవలించేవాళ్ళం. 2024లో చెరువుల్లోని కట్టడాల మీదికి హైడ్రా బుల్డోజర్లు కదిలాక అదే ఉపన్యాసం బతిమాలి మళ్ళీ చెప్పించుకున్నాం. ప్రీలాంచ్‌లో సగం ధరకే అంటే మా తమ్ముడు చెక్కు రాయబోయాడు. "రెరా నంబరు లేనిదే ప్రకటనే ఇవ్వకూడదు. అగ్రిమెంటు లేకుండా 10 శాతం మించి తీసుకోకూడదు. మొత్తం ముందే అడుగుతున్నాడంటే అర్థం కావట్లేదూ?" అని చెక్కుబుక్కు లాక్కున్నారు. అక్కడ ఇప్పటికీ తుమ్మచెట్లే ఉన్నాయి.

సొంతానికొచ్చేసరికే వస్తుంది చిక్కంతా. మియాపూర్‌లో ఒక ఫ్లాటుకి ఎంత వెతికినా వంక దొరక్క ఆయనకి నిద్ర పట్టలేదు. చివరికి దొరికింది: "మెట్రోకి పిల్లర్లే లేచాయి, రైలు రానీ చూద్దాం." 2017 నవంబరులో రైలొచ్చింది. ధర మాత్రం అంతకుముందే ఎక్కి వెళ్ళిపోయింది. "ఈయనకి కావలసింది ఇల్లు కాదురా, ఇల్లు చూడ్డం" అంటుంది అక్కయ్య.

ఇంతకీ వాళ్ళుండే ఇంటికి ఈశాన్యంలో మెట్లు, పై అంతస్తుకి పర్మిషన్ లేదు. ఓనర్లు ముగ్గురు మారారు. కొనబోయే ప్రతివాడూ కాగితాలు బావగారికే చూపించుకున్నాడు. ఈయన లోపాలన్నీ ఏకరువు పెట్టారు. వాళ్ళు అవి చూపించి బేరం తగ్గించుకున్నారు, కొన్నాక ఈయనకే అద్దె పెంచారు.

అందుకని మేమో పద్ధతి పెట్టుకున్నాం. కాగితాలు ఆయనకి ముందే చూపిస్తాం, ఇల్లు మాత్రం రిజిస్ట్రేషనయ్యాకే. మొన్న మాఘంలో మా గృహప్రవేశమైంది. పాలు తూర్పు వైపు పొంగాయని పురోహితుడు మురిసిపోయాడు. బావగారు వంగి, వంటగట్టు మీద అరచెయ్యి ఆనించి చూశారు.

"పొంగక ఏం చేస్తాయి? గ్రానైటు అటే అరంగుళం వాలింది. మేస్త్రీకి ఆఖరి బిల్లు ఇచ్చేశావా?"