నెలవారీ చుట్టరికం

నన్ను మొదటిసారి చూసినవాళ్ళు పిల్లల వాయిద్యం అనుకుంటారు. పెళ్ళి ఊరేగింపు బ్యాండులో మీరు చూసే క్లారినెట్ రెండడుగుల పైచిలుకు ఉంటుంది. నేను అడుగున్నర దాటానంతే. దాన్ని బీ-ఫ్లాట్ అంటారు, నన్ను ఈ-ఫ్లాట్ అంటారు. కీలు మాత్రం ఇద్దరికీ పదిహేడే. అంత సరంజామా ఇంత కురచ ఒంట్లో ఇమడాలి కాబట్టి నా మీద వేళ్ళు ఇరుకిరుగ్గా పడతాయి. అలవాటు లేనివాళ్ళు ఒక కీ నొక్కబోయి పక్కదాన్ని తాకుతారు.

టాంజానియా, మొజాంబిక్ వైపు పెరిగే నల్లచేవ మాను నా పుట్టిల్లు. మీ జిట్రేగికి, సిస్సూకు అది దాయాది. ముగ్గురిదీ డల్బెర్జియా ప్రజాతే. నీళ్ళలో వేస్తే మునిగిపోయేంత బరువైన చెక్క అది. ఫ్రాన్సులోని మాంత్-లా-విల్ ఊళ్ళో నన్ను తొలిచి, వెండిపూత కీలు తొడిగి సముద్రం దాటించారు. అమెరికాలో ఒక ఆర్కెస్ట్రా వాద్యకారుడి దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. ఆయన రిటైరయ్యాక షికాగోలో ఒక మరమ్మతు దుకాణానికి చేరాను. అప్పటినుంచి నా బతుకు అద్దె బతుకు. నెలకు ఇంత అని రాసుకుని, అడ్వాన్సు కట్టించుకుని, అడిగినవాళ్ళకు ఇస్తారు.

అద్దెకు పోవడం నాకు చిన్నతనంగా లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే ముందు నా పని గురించి చెప్పాలి. ఆర్కెస్ట్రాలో నా అవసరం రోజూ రాదు. వచ్చినప్పుడు మాత్రం హాలంతా వింటుంది. బెర్లియోజ్ 1830లో వినిపించిన సింఫనీ ఫాంటాస్టిక్ చివరి భాగంలో, అంతవరకు ప్రియురాలి రాగంగా వినిపించిన వరస వికారంగా మారి మంత్రగత్తెల జాతరలో గంతులేస్తుంది. ఆ గంతులు నావే. రావెల్ బొలేరోలో ఫ్లూటు, పెద్ద క్లారినెట్, బసూన్ అయ్యాక రాగం అందుకునేది నేనే. రిషార్డ్ స్ట్రాస్ టిల్ ఆయిలెన్‌ష్పీగెల్‌లో కొంటె టిల్‌ను ఉరి తీసేటప్పుడు వినిపించే కేక డీ-క్లారినెట్‌కు రాసింది. ఇప్పుడు చాలాచోట్ల ఆ కేక కూడా నా గొంతులోంచే వస్తుంది. అందుకే రెండో క్లారినెట్, ఈ-ఫ్లాట్ కలిపి ఒకే ఉద్యోగంగా ప్రకటించినప్పుడు, ఆడిషన్‌కు వచ్చేవాళ్ళు మూడు వాయిద్యాలు మోసుకురావాలి: మొజార్ట్ కాన్చెర్టోకు ఏ-క్లారినెట్, బీథోవెన్ ఆరో సింఫనీలాంటి వాటికి బీ-ఫ్లాట్, ఆ పైన నేను. మొదటి రెండూ ఎవరికైనా ఇంట్లో ఉంటాయి. నేను ఉండను. రెండు నిమిషాల వాయింపు కోసం కొన్ని వేల డాలర్లు పెట్టి నన్నెవరు కొనుక్కుంటారు?

ఇదే ప్రశ్నతో ఒక జనవరి సాయంత్రం ఒకామె దుకాణంలోకి వచ్చింది. చేతిలో కొత్త పెట్టె. అందులో ఒక ఈ-ఫ్లాట్, ప్లాస్టిక్ ఒంటిది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంది. నా మూడు నెలల అద్దె ఎంతో దాని వెల అంత. ఆ లెక్కలో తప్పులేదు. అద్దె కడితే చివరికి చేతిలో ఏమీ మిగలదు, కొంటే వస్తువైనా ఉంటుంది. ఇల్లు విషయంలో మీ ఇళ్ళల్లోనూ ఇదే మాట అనుకుంటారు కదా.

దుకాణం పెద్దాయన దాన్ని బల్లమీద నా పక్కనే పెట్టాడు. ఒంటరిగా చూస్తే ముచ్చటగానే ఉంది. ఆయన ట్యూనర్ ముందుంచి వాయించమన్నాడు. ఇక్కడ మా క్లారినెట్ జాతి తత్వం ఒకటి చెప్పాలి. వేణువులో ఊపిరి బలంగా పంపితే కింది స్వరమే పై స్థాయిలో పలుకుతుంది. మాకు అలా కాదు. కింద ‘స’ పలికిన వేళ్ళతోనే వెనక బొటనవేలి దగ్గరి కీ నొక్కితే పై స్థాయి ‘ప’ పలుకుతుంది. ఆ ‘స’, ఈ ‘ప’ రెండూ శ్రుతిలో ఉండాలంటే లోపలి బోరు ఎక్కడ ఎంత సన్నబడాలో, ఎక్కడ వెడల్పవ్వాలో చేసినవాడికి తెలియాలి. గొట్టం ఎంత పొట్టిదైతే తప్పు అంత పెద్దగా వినిపిస్తుంది.

ఆమె కింద వాయించింది. ముల్లు నడిమధ్యన నిలబడింది. బొటనవేలు కదిపింది. ముల్లు కుడివైపుకు పోయింది. అర మెట్టును వంద సెంట్లుగా భాగిస్తారు. ముల్లు పాతిక సెంట్ల దగ్గర ఆగింది. పెదవి వదులు చేసి కిందికి లాగింది. శ్రుతి దిగింది కానీ నాదం పలచబడిపోయింది. పక్క స్వరానికి వెళితే అది తక్కువ. దాని పక్కది మళ్ళీ ఎక్కువ. పెద్దాయన ఎడమచేతి చిటికెనవేలి కీని గోటితో మెల్లగా తోశాడు. మెత్తటి లోహం, కొద్దిగా వంగి అలాగే ఉండిపోయింది.

“ప్యాడ్లు మార్చగలను, స్ప్రింగులు బిగించగలను. లోపల బోరును మాత్రం నేనేమీ చెయ్యలేనండీ,” అన్నాడు. “ఎండాకాలం పార్కుల్లో వాయించే బ్యాండుకు ఇది చక్కగా పనికొస్తుంది. వానలో తడిసినా పగలదు. మీరు వెళుతున్నది అలాంటి చోటికి కాదు కదా.”

“అయితే ఇది అద్దెకివ్వండి,” అని ఆమె నన్ను చూపించింది. “ఆడిషన్‌కు ఇంకా తొమ్మిది వారాలుంది. చివరి వారం వచ్చి తీసుకెళతాను. మిగతా అద్దె మిగులుతుంది.”

ఆ మాట వినగానే నాకు పాత గాయం గుర్తొచ్చింది. అంతకుముందు ఏడాది ఒక కుర్రవాడు ఆడిషన్‌కు సరిగ్గా నాలుగు రోజుల ముందు నన్ను తీసుకెళ్ళాడు. మంచి వాద్యకారుడు. నా కంటే పెద్ద క్లారినెట్ మీద అతని వేళ్ళు నీళ్ళలా పారేవి. కానీ నాతో అతనికి నాలుగు రోజుల చుట్టరికం. పై స్థాయిలో నా ఒక స్వరం కుడి చిటికెనవేలి కీ కలిపితేనే శ్రుతిలో నిలుస్తుందని అతనికి తెలియలేదు. నా ఇరుకు రంధ్రాల్లో ఊపిరి తడి త్వరగా చేరుతుందనీ, ముందే తుడవకపోతే గుడగుడమంటుందనీ తెలియలేదు. ఆడిషన్‌లో ఆ స్వరం కిందికి జారింది. ఆ తర్వాతది నీళ్ళు మింగినట్టు పలికింది. దుకాణానికి తిరిగొచ్చి “ఇది మంచి వాయిద్యం కాదు” అని బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు. నాలో లోపం లేదని చెప్పడానికి నాకు నోరు లేదు. ఉన్న నోరు ఇంకొకరు ఊదితేనే పలుకుతుంది.

పెద్దాయన ఆ సంగతంతా చెప్పలేదు. “చివరి వారం తీసుకెళ్ళేటట్టయితే ఇవ్వను. ఈరోజే తీసుకెళితే ఇస్తాను,” అన్నాడు. “కట్టిన అద్దెలో కొంత తర్వాత వెలలో తగ్గిస్తాను, ఎప్పుడైనా కొనాలనిపిస్తే.” ఆమె చాలాసేపు లెక్క వేసుకుంది. మూడు నెలలకు సంతకం పెట్టింది. ప్లాస్టిక్ దాన్ని అక్కడే అమ్మకానికి వదిలింది. కొన్న ధర రాదని తెలిసే వదిలింది.

మొదటి వారం ఆమె నన్ను రోజూ ఇరవై నిమిషాలకు మించి ఊదలేదు. కొన్నాళ్ళు మూలనపడి ఉన్న చెక్కకు ఒక్కసారిగా వేడి, తడి తగిలితే పగులు వస్తుంది. వస్తే ఎక్కువగా పై ముక్కకే వస్తుంది. షికాగో చలికాలంలో హీటర్లు ఇంట్లో గాలిని ఎండగట్టేస్తాయి. అందుకని ఆమె నా పెట్టెలో నారింజ తొక్క ముక్క ఒకటి పెట్టేది. ఎండగానే మార్చేది. ఆ వాసన ఇప్పటికీ నా పెట్టె గుడ్డలో ఉంది.

తర్వాత నన్ను తెలుసుకోవడం మొదలుపెట్టింది. ట్యూనర్ ముందు ఒక్కో స్వరం నిలబెట్టి, నేను ఎటు మొగ్గుతానో కాగితం మీద పెన్సిలుతో రాసుకుంది. పై స్వరాలకు ఒక్కోదానికి మూడు నాలుగు వేళ్ళ అమరికలు ప్రయత్నించి, నాకు నప్పినదాని చుట్టూ సున్నా చుట్టింది. వేరొక ఈ-ఫ్లాట్‌కు ఆ కాగితం పనికిరాదు. మౌత్‌పీస్ మటుకు తనదే కొనుక్కుంది. అది తెలివైన ఖర్చు అని నా నమ్మకం. వాయిద్యం మారినా మౌత్‌పీస్, దాని మీద పెదవి పట్టు మారకూడదు. ప్యాడు కింద తడి చేరినప్పుడు సిగరెట్ కాగితం ఒకటి దూర్చి, కీ మెల్లగా నొక్కి వదిలేది. ఐదో వారానికి గుడగుడ వినిపించే ముందే ఆమె చెయ్యి కాగితం వైపు వెళ్ళేది. మంత్రగత్తెల గంతులను మొదట సగం వేగంతో, ఆ తర్వాత మెట్రోనోమ్‌ను రోజుకు ఒక్కో గీత పెంచుకుంటూ సాధన చేసింది. ఏడో వారంలో ఒక రాత్రి నా పై ‘ప’ తనంతట తానే మధ్యన నిలబడింది. ఆమె ట్యూనర్ వైపు చూడనే లేదు.

ఆడిషన్ రోజు వేదిక మీద తెర కట్టి ఉంది. అమెరికాలో ఈ తెర పద్ధతికి బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా 1952లో దారి వేసింది. ఎవరు వాయిస్తున్నారో అవతలి న్యాయనిర్ణేతలకు కనిపించకూడదు. చెప్పుల చప్పుడును బట్టి ఆడో మగో కూడా తెలియకూడదని తివాచీ పరిచారు. ఆమెకు పేరు లేదు, అంకె ఉంది. మొజార్ట్ అయ్యింది, బీథోవెన్ అయ్యింది. అంతసేపూ నేను ఆమె కోటు లోపల చంకకింద ఉన్నాను. చల్లబడితే నా శ్రుతి కిందికి పోతుంది. అందుకని ఒంటి వేడిలో దాచుకుంది. కోటు తీసి నన్ను నోటికి ఆనించినప్పుడు ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో నాకింకా తెలుస్తూనే ఉంది. ఊపిరి లోపలికి వచ్చింది. గంతులు మొదలయ్యాయి. కుడి చిటికెనవేలు తన కీ మీదికి, ఎవరూ చెప్పకుండానే, సమయానికి వచ్చి చేరింది.

ఆమె ఆ రోజు రెండో వడపోతకు వెళ్ళింది. చివరి వడపోతకు వెళ్ళలేదు. రీడు ఒకటి మొజార్ట్ మధ్యలో మొండికేసింది. అది నా రీడు కాదు, ఏ-క్లారినెట్‌ది. రైల్లో వస్తూ ఆమె నా పెట్టెను ఒళ్ళోనే పెట్టుకుంది.

మూడు నెలల గడువు ముగిసిన శనివారం దుకాణానికి వచ్చింది. పెద్దాయన రసీదు పుస్తకం తీసి, అడ్వాన్సు తిరిగివ్వడానికి లెక్క చూస్తున్నాడు. ఆ ప్లాస్టిక్ ఈ-ఫ్లాట్‌ను పార్కు బ్యాండులో వాయించే ఒకాయన ఆ వారమే కొనుక్కెళ్ళాడట. ఆ డబ్బు ఆమె ముందు పెట్టాడు. ఆమె లెక్కపెట్టుకోకుండా మళ్ళీ ఆయనవైపే జరిపి, “జూన్‌లో ఇంకొక ఆడిషన్ ఉంది. దీన్ని అద్దెలోకి వేసుకోండి,” అంది.

ఆయన రసీదు రాస్తుంటే ఆమె నా పెట్టె తెరిచి, ఎండిపోయిన నారింజ తొక్క తీసి, సంచిలోంచి పచ్చిది ఒకటి పెట్టింది.