తగలేశారు!

మనింట్లో కుర్రాడు కొత్త ఫోను కొంటే చాలు, ‘డబ్బంతా తగలేస్తున్నావురా’ అని నాన్న కేక. బ్రిటన్ పాప్ జంట కేఎల్‌ఎఫ్ ఆ మాటను అక్షరాలా చేసి చూపించింది. 1994 ఆగస్టు 23న స్కాట్లండ్‌లోని జూరా దీవిలో, పాడుబడ్డ పడవల కొట్టంలో, బిల్ డ్రమ్మండ్, జిమ్మీ కాటీ పది లక్షల పౌండ్లు మంటల్లో వేశారు. అన్నీ యాభై పౌండ్ల నోట్లే. కాల్చడానికే గంటకు పైగా పట్టింది. సంపాదించడం కష్టమంటారు గానీ, తగలేయడమూ తక్కువ చాకిరీ కాదు!

కీర్తి అంటే వీళ్లకు ముందునుంచీ ఒళ్లుమంట. 1992 బ్రిట్ అవార్డుల వేదిక మీద మెషిన్ గన్‌తో ప్రేక్షకుల మీదికి ఉత్తుత్తి తూటాలు పేల్చారు. తర్వాత జరిగిన విందు గుమ్మంలో చచ్చిన గొర్రెను పడేశారు. ఏ రికార్డు కంపెనీతోనూ ఒప్పందం కుదుర్చుకోని జీవి, పాపం. ఆ ఏడే తమ రికార్డులన్నీ బ్రిటన్ మార్కెట్ నుంచి ఎత్తేశారు.

ఇంత వైరాగ్యంలోనూ కెమెరా తీసుకెళ్లడం మాత్రం మరవలేదు. నోట్లు కాలుతుంటే సినిమా తీయించి, ఏడాది తిరగ్గానే అదే దీవిలో బొమ్మ వేశారు, సంవత్సరీకం పెట్టినట్టు. అలా కాల్చినందుకు బాధపడుతున్నానని డ్రమ్మండ్ తర్వాతెప్పుడో ఒప్పుకున్నాడు.

మరి పాటలో? అవి నిక్షేపంగా ఉన్నాయి. 2021 జనవరి 1న స్ట్రీమింగ్‌లోకి దిగాయి.