అరవై యూనిట్లున్నాయి, ఫిజిక్స్ లేదు

కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో ఉన్నత విద్యకొక బృహత్ ప్రణాళిక రచించుకుని, హైస్కూలు ముగించిన పిల్లల్లో పై ఎనిమిదో వంతును యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకూ, పై మూడో వంతును నేటి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీకి పూర్వరూపమైన రాష్ట్ర కళాశాలలకూ కేటాయించి, మిగిలిన వారందరికీ జూనియర్ కాలేజీల తలుపులు తెరిచి, అక్కడ రెండేళ్లు శ్రద్ధగా చదివినవారు మూడో ఏట విశ్వవిద్యాలయంలో అడుగు పెట్టవచ్చునని అభయమిచ్చింది. అదే సంవత్సరం బర్టన్ క్లార్క్ అనే సమాజశాస్త్రవేత్త శాన్ హోసేలోని ఒక జూనియర్ కాలేజీని పరిశీలించి, ఇటువంటి సంస్థలు నిర్వర్తించే పనుల్లో ఆశలను చల్లార్చడం కూడా ఒకటని వ్యాసం ప్రకటించాడు. విద్యార్థిని ఎవరూ పొమ్మనరనీ, సలహాదారులూ పరీక్షలూ మార్కుల పట్టికలూ కలిసి అతడంతట అతడే చిన్న కోరికతో సరిపెట్టుకునేలా చేస్తాయనీ ఆయన సిద్ధాంతం. ఈ భావనకు మూలం ఎర్వింగ్ గోఫ్‌మన్ అనే మరో సమాజశాస్త్రవేత్త 1952లో రాసిన వ్యాసం కాగా, అందులో వర్ణించినది విద్యాసంస్థలను కాదు. డబ్బు పోగొట్టుకున్నవాడు పోలీసుల దగ్గరికి వెళ్లకుండా బుజ్జగించి ఇంటికి సాగనంపే మోసగాళ్ల ముఠాలను.

నాటి జూనియర్ కాలేజీలే నేటి కమ్యూనిటీ కాలేజీలు. వాటి సంఖ్య ఇప్పుడు 116కు చేరింది. చల్లార్చే పనిలో సింహభాగం మనుషుల చేతుల్లోంచి జాబితాలకు బదిలీ అయింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు బదిలీ కావాలంటే కనీసం అరవై సెమిస్టర్ యూనిట్లు ఉండాలి. యూనిట్ అంటే కోర్సు బరువును కొలిచే కొలమానం. అయితే అరవై ఉన్నంత మాత్రాన పని పూర్తికాదు. విద్యార్థి ఎంచుకున్న మేజర్‌కు, అంటే డిగ్రీలో ప్రధాన విషయానికి, పునాదిగా ముందే చదివి రావలసిన కోర్సులు కొన్ని ఉంటాయి. వాటినే ప్రీరిక్విజిట్లు అంటారు. కమ్యూనిటీ కాలేజీలో చదివిన ఫలానా కోర్సు విశ్వవిద్యాలయంలోని ఫలానా కోర్సుకు సమానమని ఉభయ పక్షాలూ రాసుకునే ఒడంబడికకు ఆర్టిక్యులేషన్ అని పేరు, ఆ ఒడంబడికలన్నీ కొలువుదీరిన ప్రభుత్వ భాండాగారానికి అసిస్ట్ అని పేరు. చేయూత అనే అర్థమున్న ఈ భాండాగారంలో విద్యార్థికి తరచుగా ఎదురయ్యే వాక్యం ‘నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్’, అనగా నీ కాలేజీలో దీనికి సాటి కోర్సు ఏదీ లేదని.

ఈ వాక్యానికి పండితులు చెప్పే భాష్యం ఎంతో ఉదారమైనది. కాలేజీలో లేని కోర్సును చదవలేదని విద్యార్థిని ఎవరూ తప్పుపట్టరు, బదిలీ అయ్యాక చదువుకోవచ్చు. అయితే ఆ కోర్సు ఉన్న పొరుగు కాలేజీ విద్యార్థి కూడా అదే సీటుకు దరఖాస్తు చేస్తాడనీ, అతడి జాబితా నిండుగా ఉంటుందనీ, ఎంపిక చేసేవారికి కళ్లుంటాయనీ ఆ భాష్యంలో ఎక్కడా రాసి ఉండదు. కనుక తెలివైన విద్యార్థి ఒక కాలేజీలో కాలిక్యులస్, పది మైళ్ల అవతల మరో కాలేజీలో డిస్క్రీట్ గణితం, ఇంకో కాలేజీ ఆన్‌లైన్ తరగతిలో లీనియర్ ఆల్జీబ్రా చదువుతూ ఒకే డిగ్రీ కోసం మూడు కాలేజీల ఫీజులు కడతాడు. అక్కడ కూడా ఒక మెలిక ఉంది: ఫిజిక్స్ వంటి వరుస కోర్సుల్లో కొన్నింటిని మొత్తంగా చదివితేనే సమానత్వం వర్తిస్తుంది, మధ్యలో ఆపితే చదివిన భాగం లెక్కకు రాకుండా పోవచ్చు. పైగా బర్క్‌లీ, మెర్సెడ్ క్యాంపస్‌లు సెమిస్టర్ల లెక్కన, మిగిలిన క్యాంపస్‌లు ఏడాదిని మూడు ముక్కలు చేసే క్వార్టర్ల లెక్కన నడుస్తాయి. ప్రోగ్రామింగ్ పాఠాలను బర్క్‌లీ పైథాన్‌తోనూ, లాస్ ఏంజెలెస్ సి ప్లస్ ప్లస్‌తోనూ మొదలుపెడతాయి. పంతొమ్మిదేళ్ల కుర్రవాడు ఏ క్యాంపస్‌లో సీటు వస్తుందో తెలియక ముందే ఏ భాషలో ఆలోచించాలో నిర్ణయించుకోవాలన్నమాట.

అన్నిటికన్నా విచిత్రమైన దుస్థితి నియమాలను తు.చ. తప్పక పాటించినవాడిది. భాష, చరిత్ర, కళలు, విజ్ఞానం కలగలిపిన సామాన్య విద్యా కోర్సుల జాబితా ఒకటి 1991 నుంచి అమలులో ఉండగా, 2021 నాటి చట్టం మేరకు 2025 శరత్కాలం నుంచి దాని స్థానంలో కాల్‌గెట్‌సీ అనే ఉమ్మడి జాబితా వచ్చింది. వినయవంతుడైన విద్యార్థి దీన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తిచేసి, తత్త్వశాస్త్రంలోనూ నాటకకళలోనూ మంచి మార్కులు తెచ్చుకుని, ఇంజినీరింగ్ ద్వారం ముందు నిలబడతాడు. ఇంజినీరింగ్ చదవదలచినవారు సామాన్య విద్య కన్నా ముందు ప్రీరిక్విజిట్లు ముగించాలన్న సలహా అక్కడే ఉందన్న సంగతి అతడికి అప్పుడు తెలుస్తుంది. తిరిగి వెనక్కి వెళ్లి ఇంకో ఏడాది చదువుదామంటే, కమ్యూనిటీ కాలేజీ నుంచి డెబ్బై సెమిస్టర్ యూనిట్లకు మించి బదిలీ కావు. తక్కువైతే లోటు, ఎక్కువైతే వృథా. ఆ మధ్యనున్న పది యూనిట్ల వెడల్పులో నడవగలిగినవాడికే నష్టం లేదు. దరఖాస్తు గడువు నవంబరు ముగిసే వేళకే వచ్చేస్తుంది కాబట్టి, రెండేళ్ల చదువులో ఒక ఏడాది మార్కులు మాత్రమే చేతిలో ఉన్నప్పుడు మిగతా కోర్సులన్నీ వచ్చే వసంతానికి పూర్తిచేస్తానని అతడు రాసి ఇవ్వాలి. ఆ వసంతంలో తగినంత మంది చేరలేదని కాలేజీ ఆ తరగతిని రద్దు చేస్తే మాట తప్పినవాడు మాత్రం విద్యార్థే.

శాసనసభకు ఈ సంగతులు తెలియవని అనుకోరాదు. 2010లో చేసిన చట్టం ప్రకారం బదిలీ కోసమే రూపొందించిన అసోసియేట్ డిగ్రీ పొందినవారికి స్టేట్ యూనివర్సిటీలో చోటు ఖాయం. ఏ క్యాంపస్‌లో, ఏ మేజర్‌లో అన్నది మాత్రం ఖాయం కాదు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకు రాష్ట్ర రాజ్యాంగమే స్వయంప్రతిపత్తి ఇచ్చింది గనుక, స్టేట్ యూనివర్సిటీని ఆదేశించే చట్టాలు ఆ విశ్వవిద్యాలయం దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు వినమ్రంగా అభ్యర్థిస్తాయి. దాని ఆరు క్యాంపస్‌లు షరతులతో కూడిన ప్రవేశ హామీ ఇస్తాయి. అందరూ కోరుకునే బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఆ ఆరింటిలో లేవు.

ఫ్రీమాంట్, క్యూపర్టినో, శాన్ రమోన్ ప్రాంతాల్లోని తెలుగు ఇళ్లలో ఈ మార్గానికి మొదట గౌరవం లేదు. లెక్క తేలాక వచ్చింది: కమ్యూనిటీ కాలేజీలో రాష్ట్ర నివాసులకు యూనిట్ ఖర్చు 46 డాలర్లు, నాలుగు యూనిట్ల ఫిజిక్స్‌కు 184 డాలర్లు, అదే లోటును విశ్వవిద్యాలయంలో చేరాక పూడ్చుకుంటూ డిగ్రీ ఒక ఏడాది సాగితే ఖర్చు వేలల్లోకి పోతుంది. ఆ ఇళ్ల పెద్దల్లో పాలిటెక్నిక్ డిప్లొమా చేసి, ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరినవారు కొందరున్నారు. వారికిది వింతగా తోచడం సహజం. ఆంధ్ర, తెలంగాణల పద్ధతిలో బీటెక్ మొదటి ఏడాది గణితం చదివి వచ్చావా అని గుమ్మం దగ్గర ఎవరూ అడగరు, లోపలికి వచ్చాక సప్లిమెంటరీ పరీక్షల్లో వాయిదాల మీద వసూలు చేస్తారు. కాలిఫోర్నియాలో అప్పును ముందే గుర్తిస్తారు, తీర్చే దుకాణం మాత్రం తెరిచి ఉండదు. రెంటిలో ఏది దయగలదన్నది ఇంకా తేలలేదు.

2004 నుంచి 2009 వరకు కాలేజీ మారిన అమెరికన్ విద్యార్థులు తమ క్రెడిట్లలో సగటున సుమారు 43 శాతం నష్టపోయారని ఫెడరల్ ప్రభుత్వ తనిఖీ సంస్థ 2017లో అంచనా కట్టింది. 2017 నుంచి 2019 మధ్య కమ్యూనిటీ కాలేజీల్లో చేరి, బదిలీ కావాలనుకున్నవారిలో నాలుగేళ్లలో బదిలీ అయినవారు సుమారు ఐదుగురిలో ఒకరేనని కాలిఫోర్నియా ఆడిటర్ 2024లో నివేదించాడు. క్లార్క్ సిద్ధాంతం ప్రకారం మిగిలిన నలుగురిలో చాలామంది తమ వైఫల్యానికి తమనే నిందించుకుంటూ ఉండాలి. అదే నిజమైతే వ్యవస్థ లక్ష్యం నెరవేరినట్టే.

ఒకే కోర్సుకు అన్ని కమ్యూనిటీ కాలేజీల్లోనూ ఒకే పేరు, ఒకే సంఖ్య ఉండాలన్న చట్టం ఎట్టకేలకు 2021లో వచ్చింది. మొదటి విడతగా 2025 శరత్కాలానికి ఆరు కోర్సులకు ఉమ్మడి సంఖ్యలు ఇచ్చారు. అవి రెండు ఇంగ్లీషు కోర్సులు, ఉపన్యాస కళ, రాజనీతి శాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, గణాంక శాస్త్రం. కాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్ ఆ ఆరింటిలో లేవు.