స్కూటరు అద్దాలకు సాక్సులు

తేనెమంచు అన్న మాట మొదటిసారి విన్నప్పుడు అదేదో భావకవి పుస్తకం పేరనుకున్నాను. హైదరాబాదులో ఉద్యోగం ముగించుకుని నూజివీడు పక్కన మా ఊరొచ్చి పడిన మొదటి ఏడాది అది. ఫిబ్రవరి నెల. పెరట్లో చిన్నరసం మామిడిచెట్టు నిండా పూత. దాని కింద ప్లాస్టిక్ కుర్చీ, చేతిలో కొత్త నోటుపుస్తకం, చెవి మీద పెన్ను. వసంతం వస్తే ఎదురెళ్లి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను. గంట తర్వాత లేస్తే నాతోపాటు కుర్చీ కూడా లేచింది.

గోడవతల నుంచి బాబాయ్ చూస్తున్నాడు. "తేనెమంచు పట్టిందబ్బాయ్ చెట్టుకి. మందు కొట్టించకపోతే పిందె నిలవదు" అన్నాడు, కుర్చీ సంగతి ఎత్తకుండా. పెద్దమనిషి.

తేనెమంచు పురుగు అంటే పూతలో చేరి రసం పీల్చే చిన్న పురుగు. పీల్చిందంతా దానికి వంటబట్టదు, మిగిలిన తీపినీళ్లు వెనకనుంచి వదిలేస్తుంది. అది ఆకుల మీదా, కొమ్మల మీదా, కింద కవులెవరైనా కూర్చుంటే వాళ్ల మీదా జిగురుగా పడుతుంది. ఆ జిగురు మీద తర్వాత నల్లగా మసి తెగులు. మర్యాదగా చెప్పాలంటే, నేను గంటసేపు ఒక పురుగు దొడ్డికి కింద కూర్చుని ప్రకృతిని ఆరాధించాను. నోటుపుస్తకంలో ఆ రోజు రాసింది ఒక్కటే లైను: మందు ఎన్ని లీటర్ల నీళ్లలో కలపాలో బాబాయ్‌ని అడగాలి.

పట్నంలో మాకు వసంతమంటే ఏసీ సర్వీసింగు. ఉగాదికి వేపపువ్వు గుప్పెడు పదిరూపాయలు పెట్టి కొనుక్కునేవాళ్లం, అందులో సగం పుల్లలు. ఇక్కడ వేపచెట్టు వాకిట్లోనే ఉంది. మా ఆవిడ వసంతాన్ని చీపురుతో కొలుస్తుంది. మొదట పండిన వేపాకు, ఆ తర్వాత వేపపువ్వు, అది అయిందనుకుంటే కానుగపువ్వు. "రాత్రి వేపపువ్వు వాసన ఎంత కమ్మగా వచ్చిందో!" అని నేనంటే, "పొద్దున అరబుట్ట వచ్చింది" అంటుంది తను.

అసలు మా పెరడు పెరడు కాదు, ప్రభుత్వ కార్యాలయం. 2018లో ఆంధ్రప్రదేశ్ తన గుర్తులు తేల్చుకుంది: వేప రాష్ట్ర వృక్షం, మల్లె రాష్ట్ర పుష్పం, రామచిలుక రాష్ట్ర పక్షి. మూడూ మా ఇంట్లోనే ఉన్నాయి. మల్లెపొదది సాయంత్రం డ్యూటీ. వేప సంగతి చెప్పాను. ఇక రామచిలుకలు గుంపుగా తనిఖీకి వస్తాయి. ఒక్కో పిందెనీ కొరికి, పుల్లగా ఉందని నిర్ధారించుకుని, కింద పడేసి, తర్వాతి ఫైలు అందుకున్నట్టు తర్వాతి పిందె అందుకుంటాయి. డబ్బా వాయించి తోలుదామంటే రాష్ట్ర పక్షి ఆయె. పాలపిట్టది మరీ ఇబ్బంది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ హోదా దానిదే. విభజన తర్వాత హోదా తెలంగాణకి పోయింది, అది మాత్రం మా పొలం పక్క కరెంటు తీగ మీదే కూర్చుంది, స్థానికత తేలని ఉద్యోగిలా. ఎండలు ముదిరే కొద్దీ దానికి ప్రేమ ముదురుతుంది. నిటారుగా పైకి ఎగిరి, ఆ ఎత్తు నుంచి నీలిరెక్కలు విప్పి పల్టీలు కొడుతూ దిగుతుంది. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. వినకూడదంతే. ఆ గొంతు తుప్పుపట్టిన బోరింగు కొట్టినట్టుంటుంది.

గొంతు బాగున్న శాల్తీ తెల్లవారుజామున నాలుక్కి లేస్తుంది, మనల్నీ లేపుతుంది. కోకిలమ్మ అని ముద్దు చేసినవాళ్లు దాని మొహం చూసి ఉండరు. కూసేది మగది. నల్లటి ఒళ్లు, ఎర్రటి కళ్లు, రాత్రంతా పేకాడి ఇంటికొచ్చినవాడి వాలకం. ఆడదానికి గోధుమరంగు ఒంటి మీద తెల్లచుక్కలు. అది పాడదు, కిక్ కిక్ మంటుంది, అదును చూసి కాకి గూట్లో గుడ్డు పెట్టి చక్కాపోతుంది. ఈ సంగతంతా మా ఆవిడకి వివరించాను. "పాటలు ఆయనవి, పనులు ఆవిడవి. ఆవిడ తెలివైంది కాబట్టి కాకిని కుదుర్చుకుంది" అని చింతచిగురు దూయడంలో పడిపోయింది.

చిన్నప్పుడు కోకిలని వెక్కిరిస్తే రెచ్చిపోయి కూసేది. ఇప్పుడూ అంతేనేమో చూద్దామని ఒక తెల్లవారుజామున వాకిట్లో నిలబడి "కుహూ" అన్నాను. అది ఒక మెట్టు ఎక్కింది. నేనూ ఎక్కాను. అది ఇంకో మెట్టు. ఏడో కుహూకి నాకు దగ్గు తెర పట్టుకుంది. పాలుపోసే అత్త చెంబు అక్కడే దింపి, "అల్లుడూ, మిరియాల కషాయం పడిందా?" అని అడిగింది.

తొండ గురించి ఎక్కువ చెప్పను, నాకు అసూయ. ఈ రుతువులో మగతొండకి తలా భుజాలూ ఎర్రబారతాయి. ప్రహరీ గోడెక్కి, ఎదుటి గోడ మీది తొండకి కనబడేలా దండీలు తీస్తుంది. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందంటారు గానీ మా గోడ మీదిది ముదిరి వస్తాదయింది. మా డాక్టరు నన్ను తియ్యమన్నవీ అవే.

ఇక అసలు కథ. మార్చి మొదట్లో బట్టలారేసే దండెం చివర ఏదో బూజులా వేలాడుతోందని బూజుకర్ర పట్టుకుని వెళ్లాను. మా ఆవిడ వెనకనుంచి కర్ర లాక్కుంది. అది తేనెపిట్ట గూడు. సాలెపట్టు, ఎండుగడ్డి, బెరడు ముక్కలు అన్నీ కలిపి, చూసినవాడికి చెత్త అనిపించేలా అల్లుతుంది. నాకు అలాగే అనిపించింది కూడా, అంటే పిట్ట పనితనం గొప్పదనే లెక్క. గుడ్లు రెండు. ఆ క్షణం నుంచి దండెం నిషిద్ధ ప్రాంతం. మా బట్టలు బాబాయ్‌కీ మాకూ మధ్యనున్న గోడ మీదికి మారాయి. నా బనీను చిల్లులు ఊరందరికీ తెలిశాయి. ఆఫీసు రోజుల నాటి సాక్సుల జతలో ఒకటి గోడ మీంచి ఎటో పోయింది.

గుడ్లు పొదిగేది ఆడపిట్ట ఒక్కతే. మగపిట్టకి నిగనిగలాడే ఊదానలుపు సూటు, బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో మా స్కూటరు అద్దంలో ఇంకో మగపిట్టని కనిపెట్టింది. పొద్దస్తమానం దానితో యుద్ధమే. పొడిచి పొడిచి అలిసిపోయి, అద్దం మీదే రెట్టవేసి, రెండో అద్దంలోకి చూస్తే అక్కడా వాడే! ఇలాగైతే ముక్కు విరగ్గొట్టుకుంటుందని మా ఆవిడ రెండద్దాలకీ సాక్సులు తొడిగింది. ఒకటి నీలం. రెండోది జత పోగొట్టుకున్న గోధుమరంగుది.

ఉగాది రెండురోజులుందనగా కొత్తబెల్లానికి నూజివీడు బయల్దేరాను. సాక్సులు తియ్యడం మర్చిపోయాను. దారిలో మోదుగలు ఆకన్నది లేకుండా నిప్పంటుకున్నట్టు పూసి ఉన్నాయి. మోదుగని సంస్కృతంలో కింశుకమంటారు, "ఇది చిలకా?" అని. నిజంగానే ఒక్కో పువ్వూ చిలకముక్కులా ఉంటుంది. ఆ ఆలోచనలో ఉండగా వెనకనుంచి లారీ హారను. అద్దంలోకి చూద్దును కదా, నీలం సాక్సు. ఇటు చూస్తే గోధుమరంగు సాక్సు.

టీకొట్టు దగ్గర ఆగితే ఒక కుర్రాడు బండి చుట్టూ తిరిగి, గొంతు తగ్గించి, "మొక్కా, దిష్టికా అంకుల్?" అన్నాడు. పిట్టకని చెబితే నమ్మేలా లేడు. "దిష్టికే" అన్నాను.

పిల్లలయ్యాక మగపిట్ట యుద్ధం మానేసి మేత మోయడానికి సాయం పట్టింది. పండగ వెళ్లిన కొన్నాళ్లకి గూడు ఖాళీ అయింది, దండెం మాకు తిరిగొచ్చింది. సాక్సులు తీసి అద్దాలు తుడుస్తుంటే గోడవతల ట్రాక్టరు స్టార్టయింది. దాని అద్దానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, వాటి పైన ఒక సాక్సు.

"ఇదేంటి బాబాయ్?"

"నీ బండికి కట్టుకున్నావుగా అబ్బాయ్. నూజివీడు దాకా వెళ్లొచ్చినా గీత పడలేదు. మనమూ చూద్దామని."

గోధుమరంగుది. నాదే.