అప్లికేషన్ అన్న

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో ఏ గల్లీకి వెళ్లినా ఇలాంటి మనిషి ఒకడు తగులుతాడు. వయసు నలభైకి కాస్త అటూ ఇటూ. పొద్దున చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ, మధ్యాహ్నం మెస్, సాయంత్రం చాయ్ బండి. ఇంతవరకూ అక్కడ సర్కారు కొలువుల కోసం చదివే అందరిదీ ఇదే బతుకు. నోటిఫికేషన్ పడిందంటే మాత్రం ఆ గల్లీకి ఆయనే కమిషన్. తల్లిదండ్రులు పెట్టిన పేరేదో మెమోలో భద్రంగా ఉంది. బయట అందరికీ అప్లికేషన్ అన్న.

అన్నకు ఉద్యోగం లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, లేకుంటే మీరే మధ్యలో అడుగుతారు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 పడితే నింపాడు. ప్రిలిమ్స్ రాశాడు, పేపర్ లీకై రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ రాశాడు, దాన్ని హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఏకంగా నోటిఫికేషనే పోయి, 563 పోస్టులతో కొత్తది వచ్చింది. పాతవాళ్లు ఫీజు లేకుండా మళ్లీ నింపుకోవచ్చన్నారు. గల్లీ అంతా తల పట్టుకుంటే అన్న మొహంలో మాత్రం పండగ కళ. "పరీక్షలు రద్దయినయి గని, నా ఫారంల ఒక్క తప్పు చూపెట్టుమను" అంటాడు. చూపించలేం. ఆయన ఫారం ఇంతవరకూ రిజెక్ట్ కాలేదు.

ఆయన మతానికి పవిత్ర గ్రంథం పదో తరగతి మెమో. ఇంటిపేరు ముందుందా వెనకుందా, 'లక్ష్మి' ఇంగ్లీషులో ఏ స్పెల్లింగుతో ఉంది, తండ్రి పేరులో చుక్క ఉందా లేదా, అన్నీ మెమో చెప్పినట్టే. ఆధార్ వేరేలా అంటే ఆధార్‌దే తప్పు. మొన్నొక పిల్లాడు వచ్చాడు. మెమోలో కుడి మోచేతి మీద పుట్టుమచ్చ అని ఉంది. అన్న ఫోన్ టార్చి వేసి కుడి మోచెయ్యి అంతా వెతికాడు, లేదు. ఎడమ మోచేతి మీద నల్లగా, శుభ్రంగా ఉంది. రాసిన సారు ఎదురుగా కూర్చొని రాసుంటాడు, ఆయనకు కుడివైపు కనబడింది కుడి అయిపోయింది.

"ఎడమ అని పెట్టనా అన్నా?"

"మెమోల ఏమున్నది?"

"కుడి."

"కుడే పెట్టు. మచ్చ సంగతి తర్వాత చూద్దాం."

ఆయన విద్వత్తు పూర్తిగా బయటపడేది ఎవరు ఏ జిల్లాకు లోకల్ అని తేల్చే దగ్గర. కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే లోకల్. అంతకుముందు నాలుగు నుంచి పది లెక్క. పిల్లలకు పదో తరగతి ఎక్కడ చదివారో గుర్తుంటుంది గానీ రెండో తరగతి ఎక్కడో అమ్మకు ఫోన్ చేస్తే తప్ప తెలియదు. అమ్మేమో "మీ నాన్న కొట్లాడి మాన్పించిన బడి" అని చెబుతుంది. ఆ బడి మూతపడి ఉంటుంది. బోనఫైడ్ ఇవ్వాల్సిన సారు ప్లాట్లు అమ్ముతుంటాడు. అన్న ఆ సారును వెతికి పట్టుకుంటాడు, అవసరమైతే ప్లాటు కొనేవాడిలా మాట్లాడి.

హుస్నాబాద్ పిల్లాడు ఒకడు "నేను చదివినప్పుడు మాది కరీంనగర్ జిల్లా అన్నా" అని మొండికేశాడు. "బడి ఏడున్నదో ఆడనే ఉన్నది తమ్మీ. 2016ల జిల్లానే జరిగింది. సిద్దిపేట పెట్టు" అన్నాడు అన్న, ఫైసలా చెప్పినట్టు.

బ్యాంకు ఫారాలంటే ఆయనకు కొంచెం చిన్నచూపు. సంతకం 10 నుంచి 20 కేబీల మధ్య ఉండాలి, క్యాపిటల్ అక్షరాల్లో చేస్తే చెల్లదు, ఎడమ బొటనవేలి ముద్ర వేయాలి, ఇవన్నీ నిజాయితీపరుణ్ణి అనుమానించినట్టుంటాయట. ఎమ్మెస్సీ చదివిన అమ్మాయి ఇంకు ప్యాడ్ మీద వేలు అద్దుతుంటే "చదువుకున్నోళ్లతోటి వేలిముద్ర, చదువురానోళ్లతోటి సంతకం, గిదే దేశం" అని నిట్టూరుస్తాడు. అలా అంటూనే ఆ ముద్ర మసకబారిందని మళ్లీ వేయిస్తాడు.

ప్రైవేటు ఉద్యోగాల ఫారం తెచ్చేవాళ్లతో మాత్రం అన్న వేరే మనిషి. అక్కడ మెమో పని చేయదు, మాట పని చేయాలి. నా దృష్టిలో ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉంది. ఒకడు "నాకు నాయకత్వ లక్షణాలు ఉన్నాయి, కష్టపడి పనిచేస్తాను" అని రాసుకొచ్చాడు. అన్న రెండు వాక్యాలూ కొట్టేశాడు.

"ఏం నడిపించినవ్?"

"ఏం లేదన్నా. హాస్టల్‌ల రెండేండ్లు మెస్ లెక్కలు రాసిన."

"ఎంతమంది?"

"నూట ఇరవై."

"నెలాఖరుకు పప్పుల నీళ్లు పోసిన్రా?"

"లేదన్నా, మిగులు చూపెట్టినం."

"గది రాయి! 120 మంది, 2 ఏండ్లు, అప్పు లేదు. సర్కార్లు చెయ్యలేంది చేసి, 'కష్టపడతా' అని ఏడుస్తవేందిరా?"

అలా రాసినవాడికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. లోపల అడిగింది కూడా మెస్ సంగతేనట.

అలవాటు ముదిరింది. చెల్లెలి పెళ్లి బయోడేటా రాయమంటే, ఎత్తు దగ్గర 'చెప్పులు లేకుండా' అని, కుజదోషం దగ్గర 'వర్తించదు' అని రాసి, కింద 'పై వివరాలన్నీ నాకు తెలిసినంతవరకు నిజం' అని సంతకం పెట్టించాడు. తన పెళ్లి మాటెత్తితే "రిజల్ట్ రానీ" అంటాడు. ఏ రిజల్టో ఇంట్లోవాళ్లు అడగడం మానేశారు. వయసు దాటిపోతుందేమోనని అందరం బెంగపడుతున్న టైములో, 2024లో సర్కారు గరిష్ఠ వయసును 44 నుంచి 46కు పెంచింది. అన్న ఆ జీవో ప్రింటు తీసి రూములో గోడకు అంటించాడు. దానికి అగరబత్తి ముట్టించాడని చాయ్ బండి దగ్గర చెప్పుకుంటారు గానీ, నేను చూడలేదు.

మీ ఇంట్లో పిల్లలు ఎవరైనా ఫారం నింపాల్సి ఉంటే, మెమో ఒరిజినల్ ఇచ్చి, ఆఖరు తేదీకి వారం ముందే అన్న దగ్గరికి పంపండి. ఆఖరు రోజు సర్వరూ పలకదు, అన్నా పలకడు. ఫీజేమీ తీసుకోడు, చాయ్ మాత్రం మీరే తాగించాలి.