బుల్లి గాలితుపాకీల గోల

అసలు గాలితుపాకీకి మూడో వంతో, నాలుగో వంతో, ఆరో వంతో సైజులో, ప్రతి మరా లెక్క తప్పకుండా, చెయ్యి తిరిగిన తుపాకీ పనివాడు చేసిన నమూనాను బుల్లి గాలితుపాకీ అంటారు. ట్రిగ్గర్ నొక్కితే గాలి వదలాలి, ఆ గాలి గుండును తోయాలి. సేకర్తల కష్టాలన్నీ ఈ నియమం నుంచే పుట్టాయి. గాజు బీరువా ముందు నిలబడ్డ మనిషి చెక్క నునుపు చూడడు, ఇత్తడి మీద చెక్కిన లత చూడడు. "పనిచేస్తుందా?" అంటాడు. రవివర్మ పటంలో వీణను వాయించి చూపమని మాత్రం ఎవరూ అడగరు.

బుల్లి ఆయుధాల వంశం పాతదే. 1600 ప్రాంతంలో జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మిహెల్ మాన్ అనే పనివాడు, చక్రం తిరిగి నిప్పురవ్వ రాల్చే పిస్తోళ్లను వేలెడంత సైజులో చేశాడు. 1935లో బ్రిటిష్ రాజు ఐదో జార్జి రజతోత్సవానికి లండన్ తుపాకీ కంపెనీ పర్డీ ఆరో వంతు సైజు జంట తుపాకులు సమర్పించింది. వాటికి తగ్గ తూటాలు కూడా ఉన్నాయి. రాజుగారికి ఇంకేం కావాలి. అయితే ఇవన్నీ మందుగుండు వంశం. గాలితుపాకీ సేకర్తకు ఈ దాయాదులంటే చిన్నచూపు, దానికి అతని దగ్గర లెక్క కూడా ఉంది. ఆస్ట్రియాలో ఫ్రాంజ్ ఫాన్ల్ అనే గడియారాల పనివాడు 1914లో కోలిబ్రి అనే పిస్తోలు తెచ్చాడు. తూటా 2.7 మిల్లీమీటర్లది, గుండు బరువు 0.2 గ్రాము, శక్తి సుమారు 4 జౌళ్లు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన పోటీ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్. ఆ రకం రైఫిళ్ల శక్తి సుమారు 7.5 జౌళ్లు. అంటే మందు గాలి చేతిలో ఓడింది. ఈ సంగతి సేకర్త ఇంటికొచ్చిన ప్రతివారికీ చెబుతాడు. వాళ్లు శ్రద్ధగా విని, "ఇంతకీ పనిచేస్తుందా?" అంటారు.

నమూనాలు చేసేవాళ్లను ఊరించే అసలు తుపాకీ జిరాండోనీది. టైరోల్ ప్రాంతపు బార్తొలోమియో జిరాండోనీ రూపొందించిన ఈ రైఫిల్‌ను 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. గొట్టం లోపలి వ్యాసం 11.75 మిల్లీమీటర్లు. పక్కనున్న గొట్టంలో ఇరవై గుండ్లు. భుజానికి ఆనించే వెనుక భాగమే గాలితిత్తి. అది ఇనుప రేకుతో చేసినది, మర తిప్పితే ఊడొస్తుంది. అమెరికా పడమటి దారులు వెతకబోయిన మెరివెదర్ లూయిస్ వెంట ఉన్నది కూడా ఈ రకమేనని చాలామంది పరిశోధకుల నమ్మకం. 1803 ఆగస్టు 30న, అంటే యాత్ర డైరీ మొదలైన రోజునే, పిట్స్‌బర్గ్ దగ్గర ఎవరో ముచ్చటపడి ఆ తుపాకీ అందుకున్నారు. అది కాస్తా పేలి నలభై గజాల అవతల ఉన్న ఒకావిడ కణత గీసుకుపోయింది. ఆవిడ బతికింది. పనిచేస్తుందా అన్న సందేహం మాత్రం ఆ రోజు అక్కడ ఎవరికీ మిగల్లేదు.

ఈ తుపాకీని మూడో వంతుకు కుదిస్తే ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. పొడవు మూడో వంతైతే తిత్తిలో పట్టే గాలి ఇరవై ఏడో వంతు. గుండు బరువు కూడా ఇరవై ఏడో వంతే. కాబట్టి కాగితం మీద గుండు వేగం తగ్గదు. ఇంతవరకు శుభమే. తేలికైన గుండును ఎదురుగాలి మూడింతలుగా ఆపుతుంది కనుక, పెద్ద గుండు నూరు గజాల్లో పోగొట్టుకునే వేగాన్ని ఇది ముప్ఫై మూడు గజాల్లోనే పోగొట్టుకుంటుంది. ఇంటి హాల్లో ఆ నష్టం తెలియదు. అసలు చిక్కు తిత్తిలో గాలిని ఆపే వాల్వు దగ్గర ఉంది. ఆకురాయి జారి పడిన గీతకు నమూనా సైజు తెలియదు కదా. పెద్ద తుపాకీ వాల్వు మీద పడ్డా, చిన్నదాని మీద పడ్డా అది అంతే గీత. పెద్ద తిత్తి ఒక రాత్రంతా తీసుకుని పోగొట్టుకునే గాలిని చిన్న తిత్తి అరగంటలోపే వదిలేస్తుంది.

ఇక పంపు. అసలు జిరాండోనీ తిత్తి నిండాలంటే చేతిపంపుతో దాదాపు 1,500 సార్లు కొట్టాలని చెబుతారు. ఆస్ట్రియా సైన్యం బండి మీద పెద్ద పంపులు కూడా తిప్పిందంటే, సైనికుల భుజాలు అప్పటికే మొర పెట్టుకుని ఉంటాయి. మూడో వంతు నమూనాకు పంపు కూడా మూడో వంతే. తిత్తి ఇరవై ఏడో వంతు, పంపు ఒక్కో దెబ్బకు తోసే గాలీ ఇరవై ఏడో వంతు. భాగిస్తే వచ్చేది మళ్లీ 1,500. తుపాకీ తగ్గింది, పంపు తగ్గింది, గుండు తగ్గింది, దెబ్బలు ఒక్కటీ తగ్గలేదు. బలం మాత్రం తొమ్మిదో వంతు చాలు కాబట్టి రెండు వేళ్లతో కొట్టవచ్చు. రెండు వేళ్లతోనే కొట్టాలి కూడా, మూడో వేలికి చోటు లేదు. రెండు సెకన్లకో దెబ్బ చొప్పున యాభై నిమిషాలు. మూడొందల దగ్గర చూపుడువేలు ఎర్రబడుతుంది. ఏడొందల దగ్గర ఇంట్లోవాళ్లు తొంగిచూసి వెళతారు. తొమ్మిదొందల చిల్లర దగ్గర ఎవరో కాఫీ తాగుతారా అని అడుగుతారు, లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే మొదటికి రావడం తప్ప దారి లేదు, ఎందుకంటే ఒత్తిడి చూపే మీటరు ఆ సైజులో ఎవరూ పెట్టరు. ఈలోగా వాల్వు మీది గీత తన పని తాను చేసుకుపోతుంటుంది. పంపు అడుగున మిగిలే ఖాళీ కూడా నమూనాతో పాటు కుంచించుకుపోదు. ఆ సందులో ఇరుక్కున్న గాలి ప్రతి దెబ్బకూ నలిగి, తిత్తిలోకి పోకుండా మళ్లీ ఉబ్బుతుంది. కాబట్టి 1,500 అన్నది కనీసపు అంచనా. స్కూబా సిలిండరుతో క్షణంలో నింపుకోవచ్చని సలహా ఇచ్చే పెద్దమనుషులకు లోటు లేదు. అలా నింపితే అది 1780 నాటి తుపాకీ అవుతుందా అని సేకర్త అడుగుతాడు. పనిచేస్తుంది కదా అని వాళ్లంటారు.

స్ప్రింగ్‌తో పిస్టన్ నడిచే రకానికి ఈ బాధ లేదు, ఒక్కసారి వంచితే చాలు. ఆ రకాన్ని పిల్లల చేతికి అందించినవాళ్లలో అమెరికాలోని ప్లిమత్‌లో గాలిమరలు చేసే ఒక కంపెనీ ముఖ్యం. 1888లో గాలిమర కొన్న రైతుకు గాలితుపాకీ ఉచితమంది. గాలిమరలు ఎవరికీ అక్కర్లేకపోయాయి, తుపాకులు మాత్రం తెగ అమ్ముడుపోయాయి. 1895కల్లా కంపెనీ పేరే డైసీగా మారింది. అంత సులువుగా పనిచేసేదాన్ని దాచుకోవడంలో గొప్పేముందని సేకర్తలు పెదవి విరుస్తారు.

పనితనం సంగతికొస్తే, ఇనుము చెప్పినట్టు వింటుంది, చెక్క వినదు. పెద్ద తుపాకీకి అందమిచ్చే వాల్‌నట్ చెక్క చారలు చిన్నదాని మీద మరీ లావుగా కనిపిస్తాయి. అందుకని సన్న చారల పియర్ చెక్కో, బాక్స్‌వుడ్డో వెతుక్కోవాలి. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియంలో మనిషి వేలు దూరదు, అగ్గిపుల్లతో నొక్కాలి. ఒక మర కింద పడితే ఆ పూట పని అయిపోయినట్టే. ఈ చేతిపని కుదరడానికి ఏళ్లు పడుతుంది, సరిగ్గా కుదిరేవేళకు కంటికి చత్వారం వస్తుంది. ఆరో వంతు చేసిన చెయ్యి నాలుగో వంతుకు, ఆపైన మూడో వంతుకు దిగక తప్పదు. తోలు వాషరు ఎంత మందం కోయాలో, ఎంతసేపు నూనెలో నాననివ్వాలో రాసిపెట్టుకునేవాళ్లు తక్కువ. అది వేళ్లకు తెలిసిన సంగతి. ఆ వేళ్లు పోయాక తుపాకీ చూడటానికి అలాగే ఉంటుంది, గాలి మాత్రం నిలవదు.

కొన్న తర్వాత చూసుకోవలసినవి కొద్దిగా ఉన్నాయి. తోలు ఎండిపోకుండా అప్పుడప్పుడూ చుక్క నూనె వేయాలి. స్ప్రింగ్ రకంలో నూనె ఎక్కువైతే పిస్టన్ ఒత్తిడికి వేడెక్కి అంటుకుంటుంది. 2016 భారత ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 జౌళ్ల శక్తి దాటని గాలితుపాకీకి లైసెన్సు అక్కర్లేదు. మూడో వంతు జిరాండోనీ వ్యాసం 3.9 మిల్లీమీటర్లే. విమానంలో చేతిసంచీ తనిఖీ చేసేవారికి ఈ భాగాహారాలు పట్టవు. అక్కడ బొమ్మ తుపాకీకి కూడా ప్రవేశం లేదు. బేరమాడేటప్పుడు ముందుగా పంపు ఉందో లేదో చూసుకోవాలి. ఇంజెక్షన్ సిరంజి అనుకుని వారసులు మొదట పారేసేది దాన్నే. పంపు పోయిన తుపాకీకి ధర బాగా తగ్గించి అడగవచ్చు.