లాంతరుకు కిరసనాయిలు ఇచ్చారు, బ్యాటరీకి ఏమిచ్చారు?

మా రోజుల్లో పొద్దు వాలగానే ఇంట్లో మొదటి పని లాంతరు తుడవడం. రేపల్లె దగ్గర మా ఊళ్లో ఆ పని నాదే. చిమ్నీలో చెయ్యి పట్టేది పిల్లలకేగా! కాస్త పిడకల బూడిద వేసి, పాత పంచె పీలికతో మసి పోయేదాకా రుద్దేవాణ్ని. వత్తి కొస సమంగా కత్తిరించాలి. ఓ పక్క ఎత్తుగా ఉందంటే అటువైపు గాజు నల్లబడేది, మా నాయనమ్మ ఊరుకునేది కాదు. కిరసనాయిలు రేషను కార్డు మీద వచ్చేది. డబ్బా పట్టుకుని వరసలో నిలబడేవాళ్లం. పేదవాడి రాత్రికి సర్కారు ఇచ్చిన సబ్సిడీ అది.

1977 నవంబరు 19న నిజాంపట్నం దగ్గర తుపాను తీరం దాటింది. దివిసీమలో ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ రాత్రి మా ఇంటి తాటాకు కప్పు లేచిపోతుంటే మా నాన్న లాంతరుకు గాలి తగలకుండా తువ్వాలు అడ్డుపెట్టుకున్నాడు. ఆ వెలుగులోనే పిల్లల్ని లెక్క చూసుకుని డాబా ఉన్నవాళ్ల ఇంటికి చేర్చాడు. మళ్లీ కరెంటు ఎన్నాళ్లకొచ్చిందో నాకు గుర్తు లేదు. దాని కోసం మేం ఎదురుచూడలేదు మరి. నీళ్లకు బావి, గాలికి విసనకర్ర, రాత్రికి లాంతరు.

ఇప్పుడు బోరు మోటారు ఆడకపోతే ట్యాంకులో నీళ్లుండవు. సెల్‌ఫోను చార్జింగు అయిపోతే పిల్లలకు కబురు చెప్పే దారి లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా అక్క ఉండేది బాపట్లలోనే. డెబ్బై దాటిన మనిషి, కరెంటు పోయిన చీకట్లో కొవ్వొత్తి పట్టుకుని మెట్లు దిగింది. ఆ భయంతోనే, సోలారు పథకం రాగానే అందరికంటే ముందు పేరు రాయించుకుంది.

2024లో డాబా మీద సోలారు పలకల కోసం కేంద్రం తెచ్చిన పీఎం సూర్యఘర్ పథకం చెడ్డదని నేననను. 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేలు, మూడో కిలోవాటుకు 18 వేలు, మొత్తం 78 వేల దాకా సబ్సిడీ. మన రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్లు ఉచితమన్నారు, బీసీలకు అదనంగా మరో 20 వేలు. మా అక్క 3 కిలోవాట్లకు 2 లక్షలు కట్టింది, 78 వేలు ఖాతాలో పడ్డాయి. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్ల లెక్కన నెలకు 300 యూనిట్లు దాటి వస్తోంది. 225 యూనిట్లు దాటితే యూనిట్ 8 రూపాయల 75 పైసలు పడే ఇంటికి అది చిన్న ఊరట కాదు. బిల్లు తగ్గింది, అబద్ధం ఎందుకు?

కానీ పలకలు పెట్టించాక వచ్చిన వేసవిలో ఓ మధ్యాహ్నం ఫోను చేసింది. "ఏరా తమ్ముడూ, డాబా మీద కాలు పెడితే బొబ్బలెక్కే ఎండ. కరెంటు పోయింది, ఫ్యాను ఆగిపోయింది. మరి నేను పెట్టించిన ఈ పలకలేం చేస్తున్నట్టురా?"

తెనాలి నుంచి వెళ్లి చూశాను. పలకలు నిగనిగలాడుతున్నాయి, ఇన్వర్టరు నోరు మూసుకుని కూర్చుంది. గ్రిడ్డుకు కలిపిన సోలారు తీరే అంత. లైనులో కరెంటు పోతే అదీ ఆగిపోవాలి. లేకపోతే స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణానికి ముప్పు. ఆ నియమం సబబే. ఆ సంగతి మా అక్కకు ముందే చెప్పకపోవడమే తప్పు. బిగించినవాడు బిల్లు సున్నా అవుతుందని పదిసార్లు చెప్పాడట, ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు.

కరెంటు పోయినా ఇల్లు వెలగాలంటే బ్యాటరీ కావాలి, దాన్ని నడిపే హైబ్రిడ్ ఇన్వర్టరు కావాలి. 5 యూనిట్లు నిలవ చేసే లిథియం బ్యాటరీ ఒక్కటే లక్ష పైమాట చెప్పారు. బిగించిన ఇన్వర్టరు తీసేసి హైబ్రిడ్ పెడితే అది వేరే ఖర్చు. ఆ 5 యూనిట్లతో రెండు ఫ్యాన్లు, నాలుగు బల్బులు, ఓ ఫ్రిజ్ రాత్రంతా గడిచిపోతాయి. తుపాను రాత్రి ఇంతకంటే ఎవరడిగారు? ఆ లక్షకు మాత్రం కేంద్రం పథకంలో రూపాయి సబ్సిడీ లేదు.

కిరసనాయిలు ఇచ్చిన సర్కారు రాత్రి సంగతి ఆలోచించింది. పలకలకు సబ్సిడీ ఇచ్చే సర్కారు మధ్యాహ్నం దగ్గరే ఆగిపోయింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

డబ్బు లేదంటే నమ్మను. గ్రిడ్డుకు పెట్టే భారీ బ్యాటరీలకు 2023 సెప్టెంబరులో కేంద్రం పెట్టుబడి ఖర్చులో 40 శాతం దాకా సాయానికి ఒప్పుకుంది. కంపెనీ బ్యాటరీకి సాయం చేసే చెయ్యి మా అక్క బ్యాటరీకి ఎందుకు రాదు? ఆస్ట్రేలియాలో 2025 జులై 1 నుంచి ఇంటి బ్యాటరీలకు ఖరీదులో దాదాపు 30 శాతం తగ్గిస్తున్నారు. మెల్‌బోర్న్‌లో ఉన్న మా మేనల్లుడు అలాగే పెట్టించుకున్నాడు. వాడి బ్యాటరీకి రాయితీ ఉంది, వాళ్లమ్మ బ్యాటరీకి లేదు.

పాత ట్యూబులర్ బ్యాటరీతో సర్దుకోమనేవాళ్లూ ఉన్నారు. మా తెనాలి ఇంట్లో ఉన్నది అదే. డిస్టిల్డ్ వాటర్ పోస్తూ, టెర్మినళ్ల మీద పట్టిన తెల్లటి తుప్పు వేణ్ణీళ్లతో కడుగుతూ నాలుగైదేళ్లు లాగాలి, తర్వాత కొత్తది కొనాలి. ముసలివాళ్లిద్దరే ఉండే ఇంట్లో ఆ చాకిరీ ఎవరు చేస్తారు?

బాపట్ల, రేపల్లె, నిజాంపట్నం లాంటి తుపాను ఊళ్లకైనా ఆ 78 వేలకు తోడు బ్యాటరీకి కొంత ఇవ్వండి. ఊరంతటికీ వద్దు, ముందు ఒంటరిగా ఉండే వృద్ధుల ఇళ్లకు ఇవ్వండి. మీరు కూడా, డాబా మీద పలకలు పెట్టించే ముందు, వచ్చినవాణ్ని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి: "కరెంటు పోతే నా ఇంట్లో దీపం వెలుగుతుందా?" అవునో కాదో కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.